వందకు యాభై ఆరు

9 ఫిబ్రవరి 1949

ఈ డైరీ పోయిన ఏడాదిది. కొత్త కాటా వచ్చిన చెక్కపెట్టెలో గడ్డి మధ్య దొరికింది. సేటు తూకాలు రాసుకోమని నాకిచ్చాడు. తూకాలకు వేరే పుస్తకం ఉంది. ఇందులో ఇవి రాస్తాను. వారాలు కలవడం లేదు కాబట్టి వాటిని కొట్టేస్తున్నాను.

నా పేరు మంగయ్య. పదహారేళ్లు. మిర్యాలగూడ నుంచి వాడపల్లి పోయే బాటలో తులసీరాం సేటు సున్నపు బట్టీ ఉంది. అక్కడ పని. నాయిన గొర్లు కాసేవాడు. పోయిన ఏడాది గడబిడల్లో మంద పోయింది, తర్వాత నాయినా పోయాడు. అమ్మా నేనూ మిగిలాం. ఉర్దూ బడిలో మూడో తరగతి దాకా చదివాను. తెలుగు అక్షరాలు మేనమామ నేర్పాడు. నలుగురు నా వైపు చూస్తే నాకు మాట రాదు. చెవులు వేడెక్కుతాయి.

నిన్నటిదాకా తట్టలు మోశాను. ఇవాళ్టి నుంచి కాటా మీద. బట్టీలో అంకెలు చదవగలిగేది సేటు, నేను. తట్టలు మోసే కమ్లి నా ముందు నిలబడి, ఓ కాటా దొరా, నన్ను గూడ తూస్తవా, ఎన్ని మణుగులున్ననో సూద్దాం అంది. అందరూ నవ్వారు. తూకపు గుండ్లు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను.

12 ఫిబ్రవరి

ఇన్నాళ్లూ ఇక్కడ లెక్కంతా తట్టల్లోనే. రెండు వందల తట్టల రాయి బట్టీలో పోస్తే, కాలిన తర్వాత నూట తొంభై తట్టలకు తగ్గకుండా సున్నపు గడ్డలు రావాలి. వస్తే బాగా కాలినట్టు. ఫకీరా మామ కాలిస్తే ఎప్పుడూ వస్తాయి. ముప్పై ఏళ్లుగా ఈ బట్టీ మంట ఆయన చేతిలోనే ఉంది. గుడిసె కూడా బట్టీ పక్కనే.

ఇవాళ మొదటిసారి రాయిని తూచి పోశాం. సరిగ్గా వంద మణుగులు. సేటు కాటాకు కొబ్బరికాయ కొట్టాడు. ఫకీరా మామ కొబ్బరి ముక్క నములుతూ, రాయికి తూకమెందుకు సేటూ, రాయి యాడికి పోతది అన్నాడు.

21 ఫిబ్రవరి, మధ్యాహ్నం

బట్టీ చల్లారింది. సున్నం తీశాం. నూట తొంభై రెండు తట్టలు. ఫకీరా మామ ఖుషీగా బీడీ ముట్టించాడు.

కాటా మీద యాభై రెండు మణుగులు.

మళ్లీ తూచాను. యాభై రెండు. గుండ్లు తుడిచి, కాటా కింద మట్టి ఊడ్చి మూడోసారి తూచాను. యాభై రెండే. నలభై ఎనిమిది మణుగులు లేవు.

సేటు వచ్చి పుస్తకం చూశాడు. నలభై ఎనిమిది మణుగులు ఏమైనయ్ రా అన్నాడు. అందరూ పని ఆపి నా వైపు చూశారు. నాకు తెల్వదు సేటూ. ఆ మూడు మాటలంటే సరిపోయేది. నాకు చెవులు వేడెక్కాయి. ఏదో ఒకటి చెప్పేస్తే ఆ చూపులు నా మీది నుంచి పోతాయనిపించింది. సేటు దగ్గరికి పోయి, సాయంత్రం మేమందరం పోయినంక ఫకీరా మామ ఒక్కడే ఉంటడు అని మెల్లగా అన్నాను.

అది నిజమే. నిజం కాబట్టే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది.

పక్కనే కమ్లి తట్ట దించుతోంది. విన్నదో లేదో తెలియదు.

22 ఫిబ్రవరి

ఇవాళ రాయబుద్ధి కావడం లేదు.

23 ఫిబ్రవరి

రాస్తాను.

నిన్న పొద్దున్నే సేటు ఫకీరా మామను కాటా దగ్గరికి పిలిచాడు. తట్టలు సరిపోయినయ్ గద సేటూ అని ఫకీరా మామది ఒకటే మాట. సగం సగం నింపి తట్టల లెక్క కలిపినవ్, నాకెర్కలేదా, కాటా అబద్ధమాడతదా అని సేటు. గుడిసె వెతికించాడు. తలుపు వెనక ఒక కుండలో సున్నం దొరికింది. ఒక్క కుండ. గోడకు పూయడానికి పెట్టుకున్నదట, ఫకీరా మామ భార్య బీబమ్మ ఏడుస్తూ చెప్పింది. నలభై ఎనిమిది మణుగులకు అలాంటి కుండలు ఎన్ని కావాలో నాకు తెలుసు. అయినా నేను నోరు తెరవలేదు.

ఈ రోజుల్ల నీ మీద పోలీసు చౌకీల ఒక్క మాట చెప్తే ఏమైతదో నీకే ఎరుక, గంత దూరం పోనియ్యకు, మర్యాదగ పో అన్నాడు సేటు. పోలీసులు వచ్చిపోయిన ఊళ్లలో సాయిబులకు ఏం జరిగిందో అందరం విన్నాం. ఫకీరా మామ బట్టీ నోటి ముందు మంట కదిపే తన పొడుగు ఇనుప గడ పడుకోబెట్టాడు. మూట, మేక, బీబమ్మ. కోదాడలో బావమరిది ఉన్నాడట.

పోతూ నా దగ్గర ఆగాడు. మంగా, మూడు సార్లు తూసినవ్ గద, నిజంగ యాభై రెండేనా అని అడిగాడు. తల ఊపాను. ఆయన కూడా తల ఊపాడు, లెక్క ఒప్పుకున్నట్టు.

16 మార్చి

కొత్తగా కాల్చేటాయన వచ్చాడు. పేరు వెంకన్న, హుజూర్‌నగర్ వైపు మనిషి. రెండు రోజులు తక్కువ కాల్చాడు. కట్టెలు కూడా మిగిలాయి. వంద మణుగుల రాయికి అరవై ఎనిమిది మణుగులు దిగింది.

సేటు చప్పట్లు కొట్టాడు. దొంగ పోయిండు, పదహారు మణుగులు వాపస్ వచ్చినయ్ అని అందరి ముందు నా వీపు తట్టాడు. జిలేబీ తెప్పించాడు. రెండు తిన్నాను, రెండు అమ్మకు తెచ్చాను. అమ్మ ఎందుకని అడిగితే, కాటా బాగా చూస్తున్ననంట అన్నాను.

నేను చేసింది మంచి పనే అనుకుంటా.

29 మార్చి, సూర్యాపేట

లారీ సున్నం దించుతున్నారు. ఇక్కడ ఒక స్కూలుకు కొత్త గదులు కడుతున్నారు. తూకం చూపించడానికి సేటు నన్ను పంపాడు. గోడ నీడలో కూర్చుని రాస్తున్నాను.

కట్టడం పని చూసేది దానియేలు సారు. ఆ స్కూల్లోనే సైన్సు చెప్తాడు. మా సున్నపు గడ్డలు నాలుగు తట్టలు నీళ్ల గుంతలో వేయించాడు. మంచి సున్నమైతే నీళ్లు మరిగి, గడ్డ పగిలి ముద్దవుతుంది. మావి పైపైన పగిలాయి. అడుగున గుండ్రాళ్లలాగ ఏవో మిగిలాయి. సారు ఒకటి బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. రాయి. ఉత్త రాయి.

ఎంత రాయికి ఎంత సున్నం వస్తది మీ దగ్గర అని అడిగాడు. గొప్పగా చెప్పాను. వందకు అరవై ఎనిమిది సార్, ముందు ఒక దొంగ ఉండేవాడు, వాడున్నప్పుడు యాభై రెండే అన్నాను. వాడు అన్నాను. మా ఫకీరా మామను.

సారు నన్నే చూశాడు. అరవై ఎనిమిదా, అది రానే రాదు కదయ్యా అన్నాడు.

నన్ను క్లాసులోకి తీసుకుపోయాడు. సెలవు, ఎవరూ లేరు. రాతి పొడి మీద నిమ్మకాయ పిండాడు. సన్నగా నురగ లేచింది. చూడు, రాయిలో సున్నం ఉంది, దాంతో కలిసి ఒక గ్యాస్ కూడా ఉంది, సోడా బుడ్డిలో బుస్సుమనేది ఇదే గ్యాస్ అన్నాడు. రాయిని కాలిస్తే గ్యాస్ గాలిలో కలిసిపోతుంది, సున్నం మిగులుతుంది. గ్యాస్‌కు కూడా బరువుంది. బోర్డు మీద చాక్‌తో రాశాడు. వంద మణుగుల రాయిలో నలభై నాలుగు గ్యాస్, యాభై ఆరు సున్నం. ఎవరి బట్టీ అయినా, ఎవరు కాల్చినా, వందకు యాభై ఆరు దాటదు. గడ్డ సైజు తగ్గదు, బరువు తగ్గుతది, అందుకే మీకు తట్టలు కలిసినయ్, కాటా కలవలేదు అన్నాడు.

నేను బెంచీ మీద కూర్చున్నాను. ఎవరూ కూర్చోమనలేదు.

సారు ఆగలేదు. రావాల్సింది యాభై ఆరు, మీ దొంగ ఉన్నప్పుడు వచ్చింది యాభై రెండు. వచ్చినదాన్ని వందతో హెచ్చించి, రావాల్సినదాంతో భాగించు అని చాక్ నాకే ఇచ్చాడు. ఉర్దూ అంకెల్లో చేశాను. తొంభై మూడుకు కొంచెం తక్కువ. దాన్ని పర్సెంట్ అంటారట. మిగతా నాలుగు మణుగులు పొడై బూడిదలో కలిసుంటాయట. ఊరి బట్టీల తొంభై మూడా అని సారు ముఖం వెలిగిపోయింది. ఎవరయ్యా ఆయన, ఒకసారి తీస్కరా, మా పిల్లలకు చూపిస్తా అన్నాడు.

కోదాడల ఉన్నడు సార్ అన్నాను. ఎందుకున్నాడో చెప్పలేదు.

అరవై ఎనిమిదిని కూడా చేయించాడు. నూట ఇరవై ఒకటి పర్సెంట్. నూరు దాటిందని సంతోషపడొద్దు, నూరు దాటిందంటే అందులో ఇంకేదో ఉన్నట్టు అన్నాడు. నలభై నాలుగు మణుగుల గ్యాస్ పోవాలి, పోయింది ముప్పై రెండే. అంటే పోసిన వందలో ఇరవై ఏడు మణుగులు కాలనే లేదు. రాయి రాయిగానే ఉంది. వెంకన్న తీసింది నిజంగా నలభై ఒక్క మణుగుల సున్నం. ఫకీరా మామ తీసింది యాభై రెండు.

ఇదంతా చీటీ మీద రాసి, మీ సేటుకియ్యి, ఇకముందు సరిగ్గా కాల్చి పంపమను, ఈ ఒక్క లారీ ఎట్లనో సర్దుకుంటా అన్నాడు.

జిలేబీ గుర్తొచ్చింది.

30 మార్చి

చీటీ ఈ పేజీలో పెట్టాను. ఇవ్వలేదు.

2 ఏప్రిల్

ఇవాళ కూడా.

9 ఏప్రిల్

సేటు మంచిగా నవ్వుతున్నాడు, ఇప్పుడిద్దామని లేచాను. కాటా తుడిచి మళ్లీ కూర్చున్నాను.

15 ఏప్రిల్

వెంకన్న రెండో బట్టీ తీశాడు. అరవై ఏడు. పుస్తకంలో రాశాను. నా చేత్తో.

ఏందిరా కాటా దొర, అన్నం తింటున్నవా సున్నం తింటున్నవా, మొఖం గట్ల పాలిపోయింది అంది కమ్లి. ఇదివరకులా నవ్వలేదు.

20 ఏప్రిల్

ఇచ్చాను.

సేటు కళ్లద్దాలు లేవని నన్నే చదవమన్నాడు. చదివాను. గాలికి బరువుంటదారా, మరి నీ నెత్తి మీద గింత గాలి ఉంది గద, మెడ వంగదేంది అన్నాడు. గద్దె దగ్గర కూర్చున్నవాళ్లంతా నవ్వారు. వాళ్లు పోయాక గొంతు తగ్గించాడు. నీ పర్సెంట్లు నాకెందుకు, కొనేటోడు కాటా సూస్తడు, కాటాల అరవై ఎనిమిది సూపిస్తది అన్నాడు.

మరి ఫకీరా మామ అన్నాను.

పోయినోని ముచ్చట మనకెందుకు అన్నాడు. దానియేలు సారు చీటీలో తమలపాకులు చుట్టుకున్నాడు.

24 ఏప్రిల్, కోదాడ

అమ్మకు సేటు పంపాడని అబద్ధం చెప్పి లారీ ఎక్కాను.

ఫకీరా అనే ఆయన ఎక్కడుంటాడని చాయ్ హోటల్లో అడిగాను. ఇక్కడి వాళ్ల మాట వేరుగా ఉంటుంది. ఎవరూ, ఆ కాటా దొంగేనా, బట్టీల వాళ్లెవరూ రానివ్వట్లేదుగా, రోడ్డు మీద కంకర కొడుతున్నాడు చూడబ్బాయ్ అన్నాడు హోటలాయన. నా కంటే ముందే ఆ మాట ఇక్కడికి చేరింది.

నాలుగు కర్రల మీద గుడ్డ కప్పుకుని, దాని నీడలో ఫకీరా మామ సుత్తితో రాయి కొడుతున్నాడు. నన్ను చూసి, ఎండల వచ్చినవేంది బిడ్డా, ముందు నీళ్లు తాగు అన్నాడు. తాగాను. తర్వాత చెప్పాను. గ్యాస్, నలభై నాలుగు, యాభై ఆరు, తొంభై మూడు పర్సెంట్. ఎప్పుడూ అంతసేపు మాట్లాడలేదు. నేల చూస్తూ మాట్లాడాను.

ఆయన సుత్తి పక్కన పెట్టాడు. కాలిన గడ్డ తేలికని నాకెర్కలేదా, చెయ్యే చెప్తది, రెండు చేతుల్ల రెండు గడ్డలు పెట్టు, కండ్లు మూసుకోని ఏది కాలిందో చెప్త అన్నాడు. మరి ఆ రోజు సేటుకెందుకు చెప్పలేదు మామా అని అడిగాను. సగానికి సగం తగ్గుతదని నాకేం తెలుసు, నేనెన్నడన్న తూసిననా, నాకే అనుమానమొచ్చింది, నేను నిద్రపోయినప్పుడు ఎవడన్న ఎత్తుకపోయిండేమోనని అన్నాడు. రెండు నెలల నుంచి అదే ఆలోచన అట. తన మంట తనే కాపలా కాయలేకపోయానని.

నా కళ్లలో నీళ్లు చూసి, నువ్వేం చేస్తవ్ కొడుకా, కాటా సూపిచ్చింది, నువ్వు చదివినవ్, గంతే గద అన్నాడు.

గంతే మామా అన్నాను.

అప్పుడే చెప్పాల్సింది. ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది. చెప్తే ఆ చెయ్యి తీసేస్తాడనిపించింది.

లేచేటప్పుడు, నాకు చెప్పినవ్, మంచిది, యాడ నన్ను దొంగన్నరో గాడ గూడ చెప్పు అన్నాడు.

8 మే

చెప్పాను. ఎలా చెప్పానో రాస్తాను.

పోయిన వారం బట్టీ నింపేటప్పుడు తట్టలు మోసే ఏడుగురిని తలా ఒక రాయి తెమ్మన్నాను. ఎవరి గుర్తు వాళ్లు ఉలితో చెక్కారు. కమ్లి రెండు గీతలు పెట్టింది. ఏడు రాళ్లూ కలిపి సరిగ్గా పది శేర్లు, అందరికీ చూపించాను. మంట బాగా తగిలే చోట వాళ్లతోనే పెట్టించాను. వెంకన్న ఇదేం ఆట అని నవ్వాడు.

ఇవాళ ఏడు గడ్డలూ దొరికాయి. గుర్తులు అట్లాగే ఉన్నాయి, సైజు కూడా. కాటా మీద పెట్టాను. ఐదు శేర్ల మూడు పావులకు కొంచెం తక్కువ. కమ్లి తన గడ్డ ఎత్తి చూసి, ఓయమ్మో, దీని పానం ఎటు పోయింది అంది. ఎవరూ నవ్వలేదు.

సేటు మిర్యాలగూడ పోయాడు. లేకపోతే చెప్పేవాణ్ణి కానేమో. కాటా ఎక్కి నిలబడి చెప్పాను. రాయి బరువు గాలిల పోతది అన్నాను. వందకు యాభై ఆరు కంటే ఎవరికీ రాదు అన్నాను. ఫకీరా మామ ఒక్క గడ్డ కూడా ఎత్తుకపోలేదు అన్నాను. 

ఎవరి గడ్డ వాళ్లు చేతిలో ఎత్తి చూసుకున్నారు. కమ్లి మాత్రం, మరి గప్పుడు సేటు చెవుల ఏం చెప్పినవ్ రా మంగా అని అడిగింది. కాటా దొర అనలేదు. పేరు పెట్టి పిలిచింది.

నేను దిగి గుండ్లు సర్దాను. చాలాసేపు సర్దాను.

చెప్పాల్సినవి నాలుగు. చెప్పినవి మూడు. డెబ్బై ఐదు పర్సెంట్.

11 మే

సేటుకు తెలిసింది. నన్ను మళ్లీ తట్టల మీదికి దించాడు. మంచిదే. తట్ట మోసేవాడి ముఖం ఎవరూ చూడరు.

19 మే

సూర్యాపేట పోయిన లారీ ఖాళీగా రాలేదు. దానియేలు సారు గుంతలో మిగిలిన రాళ్లన్నీ ఏరించి అదే లారీలో వాపస్ పంపాడు. ఇక మీ బట్టీ సున్నం వద్దని డ్రైవర్‌తో చెప్పి పంపాడు.

సేటు ఆ రాళ్లు నాతోనే తూయించాడు. లారీలో పోయినదాంట్లో మూడో వంతుకు పైగా రాయే. చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వెంకన్నను పిలిచి తిట్టాల్సినవన్నీ తిట్టి వెళ్లగొట్టాడు. కోదాడకు మనిషిని పంపుతున్నా, ఫకీరాను తోల్కరమ్మని అన్నాడు. తప్పయిందని మాత్రం అనలేదు. నన్ను కాటా మీదికి పొమ్మన్నాడు.

నేను చెప్పకపోయినా ఇది జరిగేది. ఇక నన్ను ఎవరూ ఏమీ అడగరు.

28 మే

ఫకీరా మామ వచ్చాడు. బీబమ్మ, మేక, మేకకు పుట్టిన పిల్ల. ఇనుప గడ ఎక్కడ పెట్టాడో అక్కడే ఉంది, తుప్పు పట్టింది. ఇసుకతో రుద్దాడు.

నా కోసం తువ్వాలలో తాటిముంజలు మూటగట్టి తెచ్చాడు. అందరి ముందు నన్ను దగ్గరికి లాక్కుని, ఈ పోరడు కోదాడ దాంక వచ్చిండు, గింత సిగ్గరి కాటా ఎక్కి నలుగుర్ల మాట్లాడిండంట, నా మొఖం నిలబెట్టిండు అన్నాడు. బీబమ్మ నా తల నిమిరి మెటికలు విరిచింది.

కమ్లి నన్నే చూస్తోంది. తనొక్క మాట అంటే నా పని అయిపోయేది. అనలేదు. తట్ట ఎత్తుకుని పోయింది.

ముంజ నోట్లో పెట్టుకున్నాను. మిగతావి అమ్మకు తెచ్చాను.

30 మే

బట్టీ ముట్టించారు. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మంట రంగు చూపిస్తున్నాడు. ఎరుపు కాదు, దాని తర్వాత వచ్చేది చూడు అంటాడు. నేను చూడ్డం లేదు.

6 జూన్, పొద్దున ఆరు

చెప్పాను. నాలుగోది. సాయంత్రం నువ్వొక్కనివే ఉంటవని సేటుకు చెప్పింది నేనే మామా అన్నాను.

ఫకీరా మామ ఇనుప గడ పక్కన పెట్టాడు. తర్వాత లేచి నా రెండు చేతుల్లో రెండు గడ్డలు పెట్టాడు. కళ్లు మూసుకోమన్నాడు. ఏది కాలిందో చెప్పమన్నాడు.

నాకు రెండూ బరువుగానే ఉన్నాయి.